జలోదరంలో జ్వరమా? షర్బత్ పక్కన పెట్టండి

కాలేయం చెడిపోవడం తాగుబోతుల జబ్బు అన్న నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయింది. అందుకే మన కుటుంబాల్లో ఎవరి రిపోర్టులోనైనా 'సిర్రోసిస్' అన్న మాట కనబడితే ముందు కలిగేది భయం కాదు, సిగ్గు. జీవితంలో ఒక్క చుక్క ముట్టని పెద్దాయన పొట్ట నీటితో ఉబ్బుతుంటే చుట్టాలకు గ్యాస్ అని చెబుతారు. పెళ్ళికావలసిన ఆడపిల్లలున్న ఇల్లయితే మరీ గుట్టు. పెద్దాసుపత్రికి వెళితే ఎవరైనా చూస్తారేమోనని హకీం దవాఖానాకు, అదీ మగ్రిబ్ దాటాక వస్తారు.

సోదరులారా, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వైరస్‌లు తాగేవాడినీ తాగనివాడినీ వేరుగా చూడవు. షుగరూ, ఊబకాయమూ ఉన్నవారి కాలేయంలో కొవ్వు పేరుకుని, ఏళ్ళ తరబడి లోలోపల మంటపెట్టి, చివరకు దాన్ని రాయిలా గట్టిపరుస్తుంది. బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాల్లో షుగర్ లేని ఇల్లు ఎన్నో లెక్కపెట్టి చూడండి. దావత్‌లకు దావత్‌లు, నడక మాత్రం ఇంటి నుంచి బండి దాకా. ఇక సిగ్గుపడవలసింది ఏముంది?

సిర్రోసిస్ గురించి మొత్తం చెప్పడానికి ఈ పేజీ చాలదు. ఈ జబ్బు ముదిరి పొట్టలో నీరు చేరిన తర్వాత వచ్చే ఒక ఇన్‌ఫెక్షన్ గురించి మాత్రం చెబుతాను. అది వచ్చిందని తెలుసుకోవడంలో ఒక్క రోజు ఆలస్యమైతే మనిషి చేజారిపోవచ్చు. ఆ ఆలస్యంలో మా యునానీ వైద్యుల వాటా కూడా ఉంది గనుక ఈ మాట యునానీ శీర్షికలోనే రావాలని నా అభిప్రాయం.

మా గ్రంథాల్లో జలోదరాన్ని ఇస్తిస్ఖా అంటారు. ఒళ్ళంతా మెత్తగా వాచేది లహ్మీ. పొట్ట డోలులా మోగేది తబ్లీ. లోపల నీరు కదిలేది జిఖ్ఖీ. జిఖ్ అంటే తోలు తిత్తి. రోగి ఒక పక్కకు ఒరిగితే తిత్తిలో నీళ్ళలాగా లోపలి నీరు అటు ఒరుగుతుంది. సిర్రోసిస్‌లో మనం ఎక్కువగా చూసేది ఈ జిఖ్ఖీనే.

ఆ నీటిలో మామూలుగా క్రిములుండవు. పేగుల్లో మాత్రం కోటానుకోట్లు ఉంటాయి. ఆరోగ్యవంతుడికి పేగు గోడ వాటిని ఇవతలికి రానివ్వదు, వచ్చిన ఒకటీ అరా కాలేయం పట్టుకుని చంపేస్తుంది. జబ్బు ముదిరినవాడికి ఈ రెండు కావళ్ళూ సడలిపోతాయి. పేగు గోడ దాటిన క్రిములు రక్తంలో చేరి, అక్కడి నుంచి పొట్ట నీటిలోకి దిగుతాయి. క్రిములతో పోరాడే ప్రోటీన్లు ఆ నీటిలో చాలా తక్కువ. ముఖ్యంగా లీటరు నీటిలో మొత్తం ప్రోటీన్ 15 గ్రాములకు తగ్గినవారికి ప్రమాదం ఎక్కువ. పేగుకు చిల్లు పడలేదు, అపెండిక్స్ పగల్లేదు, అయినా పొట్ట లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ పడుతుంది. అందుకే దీన్ని స్పాంటేనియస్ బాక్టీరియల్ పెరిటోనైటిస్ అంటారు, అంటే తనంతట తాను పుట్టిన ఉదరపొర ఇన్‌ఫెక్షన్ అని. 1964లో హెరాల్డ్ కాన్ అనే అమెరికా వైద్యుడు దీన్ని వివరించి ఈ పేరు స్థిరపరిచాడు. దోషి చాలాసార్లు మన పేగుల్లోనే కాపురముండే ఈ.కోలై, లేదా క్లెబ్సియెల్లా. కొన్నిసార్లు స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములు.

ఇదేదో అరుదైన సంగతి అనుకోకండి. జలోదరంతో ఆసుపత్రిలో చేరిన సిర్రోసిస్ రోగుల పొట్ట నీరు పరీక్షిస్తే నూటికి 10 నుంచి 30 మందిలో ఈ ఇన్‌ఫెక్షన్ కనిపిస్తుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి.

చిక్కు ఎక్కడంటే, ఇది చెప్పి రాదు. పొట్టలో చీము పట్టినవాడు మెలికలు తిరిగిపోతాడని, పొట్ట చెక్కలా బిగుసుకుంటుందని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగదు. పొట్ట పొరల మధ్య లీటర్లకొద్దీ నీరు నిలిచి వాటిని ఒకదానికొకటి తగలనివ్వదు గనుక నొక్కి చూసినా పొట్ట మెత్తగానే ఉంటుంది. నొప్పి కొంచెం. జ్వరం కూడా కొంచెమే, ఎందుకంటే ఈ రోగుల ఒంటి వేడి మామూలుగానే తక్కువ. కొందరికి జ్వరమే రాదు. వాంతో, రెండు మూడు విరేచనాలో అవుతాయి, మూత్రం తగ్గుతుంది. ఉన్నట్టుండి పసుపు పెరుగుతుంది. కొందరిలో ఏ లక్షణమూ కనబడదు.

అన్నిటికన్నా మోసం చేసే లక్షణం మతి మారడం. రాత్రంతా మేలుకుని పగలంతా మత్తుగా పడుకుంటారు. నమాజులో ఎన్ని రకాతులు అయ్యాయో గుర్తుండదు. కొడుకును తమ్ముడి పేరుతో పిలుస్తారు. చేతులు చాచమంటే వేళ్ళు పక్షి రెక్కల్లా కొట్టుకుంటాయి. ఇంట్లోవాళ్ళు వయసు మీదపడిందనో, నజర్ తగిలిందనో అంటారు. దువా చేయించండి, నేను వద్దనను. కానీ దువా చేయించడానికి తీసుకెళ్ళే ఆటోలోనే ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళవచ్చు. ఆసుపత్రి ముందు.

ఇప్పుడు మా వాళ్ళ సంగతి. జలోదరానికి యునానీలో మంచి మందులే ఉన్నాయి. అర్ఖ్-ఎ-మకోయి, అంటే మన కామంచి అర్ఖ్, అర్ఖ్-ఎ-కాస్నీ, షర్బత్-ఎ-బజూరీ, మాజూన్ దబీదుల్ వర్ద్, దవావుల్ కుర్కుం. తరతరాలుగా హకీములు వాడుతున్నవి. కాలేయం ఇంకా చేతిలో ఉన్న రోజుల్లో, తెలిసిన తబీబు చూసి ఇస్తే వాటి చోటు వాటికుంది. అయితే జిఖ్ఖీ పడిన రోగికి కొత్తగా జ్వరం, నొప్పి, మతిమార్పు, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజు అర్ఖుల రోజు కాదు. ఉదరపొరలో పెరుగుతున్న ఈ.కోలైని చంపుతుందని రుజువైన షర్బత్ ఏదీ లేదు. ఇది నిజం. దీన్ని చెప్పడం వల్ల తిబ్బుకు తలవంపు లేదు.

ఇంకొక పద్ధతి మరీ ప్రమాదం. వాపు తగ్గిస్తామని ముస్హిల్ ఇచ్చి పది పదిహేనుసార్లు విరేచనాలు చేయించడం. కండపుష్టి ఉన్న రోగులకు పాత హకీములు జాగ్రత్తగా చేసినదాన్ని, ఎముకలగూడై పొట్ట ఒక్కటే మిగిలిన మనిషికి చేస్తే ఒంట్లో నీరు, లవణాలు పడిపోయి మూత్రపిండాలు మూలపడతాయి, మతి తప్పుతుంది. మందుల దుకాణాల సంగతి కూడా ఇంతే. పొట్టనొప్పి అనగానే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఇచ్చేస్తారు. జలోదరం ఉన్నవారి మూత్రపిండాలకు అవి శత్రువులు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు పూటలు మింగించి ఆసుపత్రికి తీసుకెళితే క్రిమి పరీక్షలో దొరకదు, జబ్బు మాత్రం పోదు.

మరి ఏం చేయాలి? పొట్టలోంచి సూదితో కొంచెం నీరు తీసి పరీక్షించాలి. ఇంతే. పక్కటెముకల కింద పెద్ద కోత కాదు, ఆపరేషన్ థియేటర్ అక్కరలేదు. పడక మీదే, మత్తుసూది చుక్క వేసి, పొట్ట కింది పక్క నుంచి తీస్తారు. ఆ నీటిలో ఒక ఘన మిల్లీమీటరుకు న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు 250 లేదా అంతకు మించి ఉంటే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే లెక్కగట్టి వెంటనే మందు మొదలుపెడతారు. ఈ లెక్క కొన్ని గంటల్లో వస్తుంది. క్రిమి ఏదో తేల్చే కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది, అదీ చాలామందిలో ఏమీ మొలవదు. కల్చర్‌లో ఏమీ రాలేదు గనుక జబ్బు లేదని అనుకోకూడదు. పొట్ట టీబీ మన దేశంలో బాగా ఉంది గనుక ఆ సంగతీ ఇదే నీటిలో తేలుతుంది. ఒకే సూది, ఇన్ని ప్రశ్నలకు జవాబు.

ఆ సూది అనగానే ఇంట్లో పెద్దలు అడ్డం పడతారు. "పొట్టనీరు తీస్తే మనిషి బతకడు" అన్న మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా విని ఉండను. ఈ భయం పుట్టడానికి కారణం లేకపోలేదు. పూర్వం నీరు తీసేది చివరి రోజుల్లోనే, కాబట్టి చావు పేరు సూదికి వచ్చింది. అప్పట్లో క్రిముల సంగతి ఎవరికీ తెలియదు, శుభ్రత లేదు. వియన్నాలో బీథోవెన్ అనే ప్రసిద్ధ సంగీతకారుడికి 1826 డిసెంబరు నుంచి నాలుగుసార్లు ఇలా నీరు తీశారు, గుచ్చిన చోట పుండుపడింది, 1827 మార్చిలో పోయాడు. మాటవరసకు చెబుతున్నాను, ఆయనవని తేలిన వెంట్రుకలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2023లో హెపటైటిస్ బి ఆనవాళ్ళు కనుగొన్నారు. ఆయనది తాగుడు జబ్బేనని ఎందరో అనుకున్నారు మరి.

ఇవాళ శుభ్రమైన సూదితో, అవసరమైతే స్కానింగ్ చూస్తూ తీస్తారు. పెద్ద రక్తస్రావం వెయ్యిమందిలో ఒకరికి కూడా రావడం అరుదు. రక్తం గడ్డకట్టే పరీక్షలో తేడా ఉందని చెప్పి ఈ సూదిని వాయిదా వేయనక్కరలేదని కాలేయ వైద్య సంఘాల మార్గదర్శకాలే చెబుతున్నాయి.

సూది ఫిరంగుల వైద్యమని, తిబ్బుకు పనికిరాదని అనేవారు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ పేరు ఒకసారి గుర్తు చేసుకోవాలి. వెయ్యేళ్ళ కిందట ఖుర్తుబాలో 'అల్ తస్రీఫ్' రాసిన ఆ శస్త్రవైద్యుడు జలోదరంలో పొట్టనీరు ఎలా తీయాలో అందులో వివరించాడు. మూడు రకాల్లో జిఖ్ఖీకి మాత్రమే ఇది పనికొస్తుందన్నాడు. నీరంతా ఒకేసారి తీయవద్దని, తీస్తే రోగి స్పృహ తప్పవచ్చని, ప్రాణమూ పోవచ్చని హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు కారణం నేడు తెలిసింది. ఎక్కువ నీరు తీస్తే రక్తప్రసరణ కుంగి మూత్రపిండాలు దెబ్బతింటాయి, అందుకే ఇప్పుడు 5 లీటర్లు మించి తీసినప్పుడు తీసిన ప్రతి లీటరుకు 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కిస్తారు. పరీక్షకు తీసేది అంత కాదు, ఒక టీ గ్లాసుకు లోపే. ఈ సూది మనదే. మనం మరచిపోయాం.

ఆలస్యం గురించి ఒక లెక్క చెబుతాను. అమెరికాలో ఈ రోగులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రికి వచ్చిన 12 గంటల లోపల నీరు తీసి పరీక్షించినవారితో పోలిస్తే ఆ తర్వాత చేసినవారిలో మరణాల ప్రమాదం రెండున్నర రెట్లకు పైగా ఉంది. అది ఆసుపత్రిలో అడుగుపెట్టిన తర్వాతి ఆలస్యం సుమా. మన ఆలస్యం గడప దాటకముందే మొదలవుతుంది.

కదిరి, రాయచోటి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి జబ్బుపడ్డ చుట్టాలను బెంగళూరుకు పిలిపించుకోవడం మన కుటుంబాల్లో మామూలు. అభిమానంతోనే చేస్తారు. అక్కడ జ్వరం మొదలవుతుంది, రెండు రోజులు ఊళ్ళో చూస్తారు, రాత్రి బస్సు ఎక్కిస్తారు, ఇక్కడికొచ్చాక ప్రయాణపు అలసట తీరనివ్వమని ఒక రోజు ఇంట్లో పడుకోబెడతారు, మరునాడు ఆదివారం. ఇలా నాలుగు రోజులు పోతాయి. పొట్టనీరు పరీక్షించడానికి బెంగళూరే రానక్కరలేదు. మైక్రోస్కోపు, పని తెలిసిన డాక్టరు ఉన్న జిల్లా ఆసుపత్రిలో కూడా అవుతుంది. అక్కడే నీరు తీయించి, మొదటి ఇంజెక్షన్ వేయించి, ఆ కాగితాలతో బయలుదేరండి. ఇక్కడికి వచ్చేశారా, బస్సు దిగిన చోటి నుంచి నేరుగా ఆసుపత్రికే. సిటీ మార్కెట్ దగ్గర విక్టోరియా ఉంది, ఆ ప్రాంగణంలోనే ప్రభుత్వ గ్యాస్ట్రోఎంటరాలజీ, అవయవ మార్పిడి సంస్థ ఉంది. శివాజీనగర్‌లో బౌరింగ్ ఉంది. సెయింట్ జాన్స్ ఉంది. ఎమర్జెన్సీలో చెప్పవలసిన మాట ఒకటే: "సిర్రోసిస్, పొట్టలో నీరు, ఈ రోజు నుంచి జ్వరం. నీరు తీసి సెల్ కౌంట్ చేయండి." ఈ మాట రాసి పర్సులో పెట్టుకోండి. మంచం మీద చూసుకునేది ఇంటి ఆడవాళ్ళు గనుక వాళ్ళకూ నేర్పండి. మగవాళ్ళు షాపు నుంచి వచ్చేదాకా ఆగనవసరం లేదని కూడా చెప్పండి.

చికిత్స విషయం టూకీగా. చాలాకాలంగా వాడుతున్నది సెఫొటాక్సిమ్ జాతి ఇంజెక్షన్, ఐదు నుంచి ఏడు రోజులు. అయితే మందుల దుకాణాల్లో యాంటీబయాటిక్స్ పప్పుబెల్లాల్లా అమ్ముడైన మన దేశంలో క్రిములు మొండికెత్తాయి. ముఖ్యంగా ఆసుపత్రిలో ఉండగా పట్టిన ఇన్‌ఫెక్షన్‌కు ఇంకా బలమైన మందులు కావలసి వస్తాయి. అందుకే 48 గంటలయ్యాక మళ్ళీ నీరు తీసి కణాలు తగ్గాయో లేదో చూస్తారు. "ఎన్నిసార్లు గుచ్చుతారు?" అని డాక్టరుతో గొడవపడకండి. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఆ రెండో సూదే చెబుతుంది.

యాంటీబయాటిక్‌తో పాటు ఆల్బుమిన్ సీసాలు రాస్తారు. ఖరీదైనవి. రోగి బరువులో కిలోకు ఒకటిన్నర గ్రాము మొదటి రోజు, కిలోకు ఒక గ్రాము మూడో రోజు. బిల్లు చూసి ఇది ఆసుపత్రివాళ్ళ దోపిడీ అనుకునేవారున్నారు. దోపిడీలు వేరే ఉంటే ఉండవచ్చు, ఇది మాత్రం కాదు. 1999లో స్పెయిన్ వైద్యులు 126 మంది రోగుల మీద పరీక్షించి చూస్తే, ఆల్బుమిన్ ఇవ్వనివారిలో నూటికి 33 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇచ్చినవారిలో 10 మందికే. ఆసుపత్రిలో మరణాలు 29 శాతం నుంచి 10 శాతానికి దిగాయి. ఈ జబ్బును మొదట గుర్తించిన రోజుల్లో నూటికి 90 మందికి పైగా పోయేవారు. త్వరగా పట్టుకుని వైద్యం చేస్తే ఇప్పుడు సుమారు 20 మంది. ఆ తేడా అంతా వేగంలోనూ, ఈ సీసాల్లోనూ ఉంది. ఆల్బుమిన్ మనిషి రక్తం నుంచి తీసినది కదా, సరేనా అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు ఎవరికి తెలియదు? ఆలిములను తప్పక అడగండి, డ్రిప్పు ఆపి మాత్రం అడగకండి.

ఇంటికి వచ్చాక కథ అయిపోలేదు. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వస్తుంది. నివారణ మందు లేకపోతే ఏడాదిలో 68 శాతం మందికి తిరిగి వచ్చిందని, రోజూ నార్‌ఫ్లాక్సాసిన్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవారిలో అది 20 శాతానికి తగ్గిందని 1990 నాటి అధ్యయనం చూపింది. డాక్టరు ఇలాంటి మాత్ర ఏది రాసినా, వేడి చేస్తుందని ఆపవద్దు. మరో మాత్ర మాత్రం నిజంగా అవసరమా అని అడగండి. భోజనానికి ముందు అలవాటుగా మింగే గ్యాస్ మాత్రలు, ప్యాంటాప్రజోల్ వంటివి, ఈ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెంచుతాయని పలు పరిశీలనలు సూచిస్తున్నాయి.

పర్హేజ్ పేరుతో గుడ్డు, మాంసం, పప్పు మాన్పించి గంజి మీద ఉంచడం కూడా మానాలి. తగ్గించవలసింది ఉప్పు. ఊరగాయ, పాపడ్, హోటలు బిర్యానీ. ప్రోటీన్ తగ్గిస్తే కండ కరిగి ఇన్‌ఫెక్షన్‌కు దారి సుళువవుతుంది. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి, ఎక్కువసేపు ఖాళీ కడుపు ఈ కాలేయం తట్టుకోలేదు. అందుకే జలోదరం దాకా వచ్చినవారు రంజాన్ రోజాలు ఉండకూడదని కాలేయ వైద్యులు అంటారు. రోగికి రుఖ్సత్ ఇచ్చింది అల్లాహ్, దాన్ని పట్టుదలతో కాదనే పెద్దలకు ఇంటి పిల్లలు నచ్చజెప్పాలి.

ఈ ఇన్‌ఫెక్షన్ ఒకసారి వచ్చి తగ్గినా, ఏడాది తర్వాత బతికుండేవారు నూటికి 30 నుంచి 50 మందేనని లెక్కలు. కాలేయం ఇక మోయలేకపోతోందని దానర్థం. కాబట్టి తగ్గింది కదా అని ఊరుకోక కాలేయ మార్పిడి వీలవుతుందేమో అప్పుడే అడగాలి. కర్ణాటకలో మరణానంతర అవయవాల పంపిణీ చూసే సంస్థ జీవసార్థకతె. పేరు నమోదు ఎలాగో ఆసుపత్రిలోనే చెబుతారు.

తోటి తబీబులకు నా విన్నపం ఒకటుంది. మన నగరంలో మాగడి రోడ్డు మీద కొట్టిగేపాళ్యలో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చి పీజీ చదువుతున్నారు. అక్కడ చదివి బయటికొచ్చే ప్రతి యువ హకీం జిఖ్ఖీ రోగికి నుస్ఖా రాసేటప్పుడు అడుగున ఒక వాక్యం కలపాలి: జ్వరం, నొప్పి, మతిమార్పు, మూత్రం తగ్గడం, ఏది వచ్చినా ఈ మందులు ఆపి అదే రోజు ఆసుపత్రికి. అది ఉర్దూలోనూ తెలుగులోనూ ఉండాలి, ఎందుకంటే చదివి చూసే కోడలికి ఉర్దూ రాకపోవచ్చు.

ఇక కుటుంబాలకు. ఆసుపత్రి కాగితాలు ఒక సంచిలో, హకీం చీటీలు ఇంకొక సంచిలో దాచి, ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గరకు వెళ్ళడం మానండి. డిశ్చార్జి కాగితం నకలు హకీంకు ఇవ్వండి, నుస్ఖా నకలు డాక్టరుకు ఇవ్వండి. ఇద్దరిలో ఎవరైనా ఆ కాగితం చూడనంటే, చూసే వైద్యుడి దగ్గరకు మారండి.